బాపు చేతి బ్యాండు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆలూరులో మా వాడకట్టంతా అంటుంది. ఉంటే ఉండనీ. మొయినాబాద్ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, మెత్తగా ఉంటే నెత్తికెక్కి కూర్చుంటారు. అయితే ఆ బుధవారం మధ్యాహ్నం సర్వీస్ సెంటర్ కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు నాలో ఉన్నది కోపం కాదు, భయం. భయం వేసినా నాకు బయటికి వచ్చేది కోపమే.

నా చేతిలో బాపు బ్యాండు ఉంది. నల్ల రబ్బరు పట్టీ, మధ్యలో వేలెడంత అద్దం. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఎంత నడిచారో అది రాసిపెట్టుకుంటుంది. బాపుకు బీపీ ఉందని తెలిసినప్పుడు నేనే కొని ఆయన చేతికి కట్టాను. ఇంకా వారంటీలోనే ఉంది. కానీ అద్దం నల్లగా చచ్చిపోయింది, ఛార్జర్ పెడితే ఎక్కడం లేదు.

మామూలు రోజుల్లో అయితే పాడైతే పాడైంది అనుకునేదాన్ని. కానీ సోమవారం నాడు బాపు టమాట చేనులో, బోరు మోటరు పక్కన స్పృహ తప్పి పడిపోయాడు. పక్క చేనువాళ్లు చూసి చేవెళ్ల దవాఖానకు మోసుకొచ్చారు. అక్కడి వాళ్లు సెలైన్ ఎక్కించి, ఎండదెబ్బ కావచ్చు కానీ ఒకసారి గుండె డాక్టరుకు చూపించండి అన్నారు. మంగళవారం సిటీకి తీసుకెళ్లాను. గుండె డాక్టరు ఈసీజీ తీస్తే అంతా సక్రమంగానే వచ్చింది.

"ఇప్పుడు బాగుంది సరే, పడిపోయినప్పుడు ఎలా ఉందో కదా మనకు కావాలి," అన్నాడాయన. "అప్పుడు గుండె బాగా నెమ్మదించి ఉంటే చిన్న యంత్రం పెట్టాలి. కాకపోతే మందులు చాలు. మిషన్ కట్టి రోజుల తరబడి చూడొచ్చు, కానీ ఈలోగా మళ్లీ పడితే లేస్తాడని నేను చెప్పలేను. ఆయన చేతికి బ్యాండు ఉందన్నారు కదా. అదే తేల్చదు గానీ, దారి తెలుస్తుంది. రికార్డు దొరికితే వెంటనే ఫోన్లో పంపండి, గురువారం రండి."

సిటీ నుంచి తిరిగొచ్చి బాపును మొయినాబాద్‌లో మా కిరాయి ఇంట్లోనే పడుకోబెట్టాను. బ్యాండు చూస్తే నల్లగా ఉంది. బాపు ఫోన్ తెరిచి చూస్తే రెండు వారాలుగా బ్యాండు నుంచి ఏమీ రాలేదు. బ్లూటూత్ ఆపేసి ఉంది. ప్రతి ఆదివారం ఆలూరు వెళ్లి ఆ ఫోన్ చూసేదాన్ని, ఎండలో ఎక్కువ నడిచాడని కనిపిస్తే అక్కడికక్కడే నాలుగు మాటలు అనేదాన్ని. పరీక్షల పని మీద పడి ఈ మధ్య వెళ్లలేదు.

"బ్లూటూత్ ఎందుకు బంద్ పెట్టినవ్ బాపు?" అని అడిగాను.

"ఛార్జింగ్ తింటదని పెట్టిన బిడ్డా," అన్నాడు అటు తిరిగి.

మంచంలో ఉన్న మనిషి అని కూడా చూడకుండా తిట్టాను. సోమవారం నాటి సంగతంతా ఆ చచ్చిన బ్యాండు కడుపులోనే ఉండిపోయింది.

అందుకే బుధవారం సెలవు పెట్టి వచ్చాను. బాపు దగ్గర మా ఆయన ఉన్నాడు. అవ్వ మాత్రం నా వెంట వస్తానని పట్టుబట్టింది. అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. వచ్చి ఏం చేస్తావంటే చెప్పులేసుకుని ముందే మెట్లు దిగింది. సర్వీస్ సెంటర్ మెయిన్ రోడ్డు మీద మొబైల్ షాపు పైన ఒక గది. అవ్వ ప్లాస్టిక్ కుర్చీలో కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ ఆమె నా మొహంలోకి సరిగ్గా చూడటం లేదు.

కౌంటర్‌లో ఉన్నాయన కోస్తా వైపు మనిషి, మాట తీరులోనే తెలుస్తోంది. బ్యాండు తీసుకుని తన దగ్గరున్న ఛార్జర్‌కు పెట్టి చూశాడు, బిల్లు చూశాడు, కంప్యూటర్‌లో ఏదో కొట్టాడు.

"డెడ్ అయిపోయిందండి. వారంటీ ఉంది కాబట్టి ప్రాబ్లం లేదు, కొత్తది ఇచ్చేస్తాం."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కొట్లాడదామని మాటలన్నీ నాలుక మీద పెట్టుకుని వచ్చాను, ఒక్కటీ అక్కర్లేకపోయింది. ఆయన పాత బ్యాండును చిన్న కవరులో వేసి స్టిక్కర్ అంటించి వెనకున్న పెట్టెలో పడేశాడు. కొత్త డబ్బా నా ముందు పెట్టాడు.

"పాతదాంట్ల ఉన్న రికార్డు దీంట్లకు వస్తదా?" అన్నాను.

"రాదండి. పాతది కంపెనీకి వెళ్లిపోతుంది. వాళ్లు మొత్తం చెరిపేస్తారు."

కొత్త డబ్బాను ఆయన వైపు నెట్టాను.

"అయితే నాకు కొత్తది వద్దు. నాది నాకిచ్చెయ్యండి."

"క్లెయిమ్ ఎక్కించేశానండి. ఇంక అది కంపెనీ వస్తువు. నేను ఇవ్వకూడదు."

"నీ కంపెనీ వస్తువు ఎట్లయితది? మా నాయిన చేతికి ఉన్నదది."

"మేడమ్, మీరు అరిస్తే సిస్టమ్ వెనక్కి వెళ్లదండి. వ్యాన్ వచ్చే టైమైంది. ఈ పెట్టె అందులో వెళ్లిపోవాలి."

నేను అరవకుండా చెప్పాను. బాపు పడిపోయిన సంగతి, రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సంగతి, అన్నీ చెప్పాను. ఆయన మొహంలో జాలి కనబడింది. కానీ జాలి వేరు, ఆయన ఉద్యోగం వేరు. క్లెయిమ్ ఒకసారి ఒప్పుకున్నాక వెనక్కి తీసే దారి తన చేతిలో లేదని, పెట్టెలో వస్తువు తక్కువైతే తన జీతంలో కోస్తారని చెప్పాడు. పైవాళ్లకు ఫోన్ కలిపాడు. అవతల పాట మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఇంతలో కింద వ్యాన్ హారన్ వినిపించింది. ఆయన లేచి పెట్టె మూతకు టేప్ లాగడం మొదలుపెట్టాడు. కౌంటర్ మీద చేయి చాపి పెట్టె లాక్కుందామనే అనుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

అప్పుడు అవ్వ కుర్చీలోంచి లేచింది.

"బిడ్డా, జర ఆగు," అంది ఆయనతో. "అది కరాబైంది మీ తప్పు కాదు. నేనే కరాబు చేసిన."

ఆయన చేతిలో టేప్ ఆగింది.

"రోజు పొద్దుగాల దానికి నూనె పెట్టిన," అంది అవ్వ. "ప్రార్థన నూనె."

నాకు ఒళ్లు మండిపోయింది. అవ్వ చేయి గట్టిగా నొక్కాను, నోరు మూసుకొమ్మని. ఆమె చేయి విడిపించుకుంది.

ప్రార్థన నూనె అంటే మా వైపు అందరికీ తెలిసిందే. ఉపవాస ప్రార్థన నాడు ఆడవాళ్లు కొబ్బరినూనె సీసాలు చర్చికి తెచ్చి ముందు వరసలో పెడతారు. పాస్టరు ప్రార్థన చేశాక ఎవరి సీసా వాళ్లు ఇంటికి తీసుకుపోతారు. జ్వరం వస్తే నుదుటికి, పరీక్షలొస్తే హాల్ టికెట్టుకు, నీళ్లు రాని బోరుకు, కొత్త ట్రాక్టరుకు, అన్నిటికీ అదే. మా ఇంటి గడపకు పూసీ పూసీ కర్ర నల్లబడింది. కానీ కరెంటుతో నడిచే ఇంత చిన్న వస్తువుకు, అదీ రోజూ పూస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఎక్కడ పెట్టారమ్మా?" అన్నాడాయన.

"ఎనక తిప్పి పెట్టిన. ఆయన నరం మీదికి వచ్చే దిక్కు."

ఆయన పెట్టె తెరిచి కవరు తీశాడు. బ్యాండు తిరగేసి దీపం కింద పట్టి చూశాడు. ఛార్జర్ అంటుకునే చోట రెండు చిన్న చుక్కల్లాంటి ఇత్తడి ముక్కలుంటాయి. వాటి మీద నూనె, నూనె మీద చేనులోని ఎర్రమట్టి పేరుకుని గట్టిగా పెచ్చు కట్టింది. ఇత్తడి కనబడనే లేదు.

"ఇలా చేస్తే వారంటీ రాదమ్మా. కొత్తది ఇవ్వలేను."

"వద్దు బిడ్డా. అబద్ధం ఆడి కొత్తది తీస్కపోతే, ఆ నూనె పెట్టి ఏం ఫాయిదా?"

ఆయన కంప్యూటర్‌లో మళ్లీ కొట్టాడు. క్లెయిమ్ చెల్లదని రాశాడు. స్టిక్కర్ పీకేశాడు. కొత్త డబ్బా వెనక్కి తీసుకుని పాత బ్యాండును మా ముందు పెట్టాడు. "తీసుకెళ్లిపోవచ్చు," అన్నాడు. చెల్లని వస్తువును కంపెనీకి పంపించరట. అవ్వ చేయి నొక్కి మాట ఆపబోయిన నాకు ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది.

అవ్వ ఎవరినీ అడగలేదు. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, కుర్చీలో కూర్చుని, బ్యాండును ఒళ్లో పెట్టుకుని ఆ పెచ్చును గీకడం మొదలుపెట్టింది. తానే పూసింది, తానే గీకుతోంది. నెమ్మదిగా గీకవ్వా, లోపలికి దిగుతుంది అని నేను గొణుగుతూనే ఉన్నాను. ఆయన దూది, స్పిరిట్ సీసా ఇచ్చి కింద వ్యాన్ దగ్గరికి వెళ్లాడు. అవ్వ తుడిచింది, మళ్లీ గీకింది, మళ్లీ తుడిచింది. ఇత్తడి మెరిసింది.

కౌంటర్ మీది ఛార్జర్‌కు తగిలించాను. ఏమీ లేదు. తీసి పెట్టాను. ఏమీ లేదు. అవ్వ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. నేను లోపల్లోపల ఎవరిని వేడుకున్నానో నాకే తెలియదు. అద్దం మీద సన్నటి తెల్ల గీత వెలిగింది.

వెంట తెచ్చుకున్న బాపు ఫోన్‌లో బ్లూటూత్ పెట్టాను. రెండు వారాల లెక్క ఒక్కసారిగా వచ్చి పడింది. సోమవారం తెరిచాను. మధ్యాహ్నం వేళ గీత గుంటలో పడ్డట్టు కిందికి జారి, అక్కడే కొంతసేపు ఉండి, మళ్లీ లేచింది. డాక్టరు చెప్పింది అదే. సరిగ్గా దొరికిందని ఫోటో తీస్తూ వేలు తగిలి ఆదివారం పేజీలోకి వెళ్లాను. ఆదివారం కూడా అలాగే జారి ఉంది. శనివారం కూడా. అంతకు ముందు శుక్రవారం లేదు గానీ గురువారం ఉంది.

అంటే బాపుకు కళ్లు తిరగడం సోమవారం మొదలుకాలేదు. కొన్నాళ్లుగా చేనులో ఒక్కడే ఎక్కడో కూలబడి, తేరుకుని, మట్టి దులుపుకుని ఇంటికి వస్తున్నాడు. బ్లూటూత్ ఆపింది ఛార్జింగ్ కోసం కాదు, నేను చూడకూడదని.

అవ్వ వైపు తిరిగాను. రోజూ పొద్దున్నే నూనె ఎందుకు పెట్టిందో అప్పుడు తెలిసింది.

"నీకు తెలుసా అవ్వా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలే?"

అవ్వ పిన్నీసును మళ్లీ గాజుకు తగిలించుకుంది.

"ఎట్ల చెప్పాలె బిడ్డా? బిడ్డకు చెప్తే మీద పడ్తది, చేను బంద్ చేపిస్తది, చెప్పకుమని మీ బాపు ఒట్టేయించుకున్నడు. నీకు చెప్పరాకపాయె. దేవునికన్న చెప్పుకుందామని పెట్టిన."

కౌంటర్ ఆయన తిరిగొచ్చాక ఛార్జర్ ఇచ్చేసి, ఇందాక అరిచినందుకు ఏమనుకోవద్దన్నాను. పర్లేదండి అన్నాడు. ఫోటోలు డాక్టరుకు పంపించి ఆటో ఎక్కాము. డాక్టరు దారిలోనే ఫోన్ చేశాడు. ఇది ఎండదెబ్బ కాదన్నాడు, రేపు చేర్చుకునేలా సిద్ధమై రమ్మన్నాడు, యంత్రం పెడితే మళ్లీ చేను పని కూడా చేసుకోవచ్చన్నాడు. ఇన్నిసార్లు లేచాడంటే మీ అదృష్టం అన్నాడు. ఆటోలో అవ్వ నా భుజానికి ఆనుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి బాపు మంచం మీద పడుకుని ఉన్నాడు. నా చేతిలో వెలుగుతున్న బ్యాండును చూశాడు, తన ఫోన్‌ను చూశాడు. ఏం బయటపడిందో అర్థమైంది. మెల్లగా లేచి, కాళ్లు కింద పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుని, మా బడిలో లెక్క తప్పిన పిల్లవాడిలా తల వంచుకుని కూర్చున్నాడు.

"ముందుగాల తిట్టు బిడ్డా," అన్నాడు. "తిట్టుడు అయినంక చెప్పు, నేను బతుకుతనా?"

పక్కన కూర్చుని ఆయన మణికట్టు పట్టుకున్నాను. బ్యాండు ఉండే చోట చర్మం తెల్లగా ఉంది, ఇంకా నూనె జిడ్డుగా ఉంది.

"బతుకుతవ్ బాపు," అన్నాను. "డాక్టరు చెప్పిండు. రేపు పొద్దుగాల పోదాం."

ఆయన తల ఎత్తలేదు. తిట్లు ఇంకా రాలేదు కదా అని అలాగే వంచుకుని కూర్చున్నాడు.