బీజింగ్ శివారు గురించి చెప్పడానికి హైడెల్‌బర్గ్ వెళ్లాం

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో శివారు ప్రాంతాల పాలన మీద విద్యార్థుల సదస్సు ఉందంటే నేనూ, నా క్లాస్‌మేట్ లిన్ పేర్లిచ్చాం. మా అంశం టోంగ్‌జౌ, బీజింగ్‌కు తూర్పున ఉన్న శివారు జిల్లా. లిన్ పుట్టి పెరిగింది అక్కడే. నేను ఆ ఊరి మొహం చూడలేదు గానీ నాలుగు వ్యాసాలు చదివాను, అది చాలనుకున్నాను.

మేం చదువుకునే ఆకెన్‌లో పొద్దున ఆరింటికి రైలెక్కాం. స్టూడెంట్ టికెట్ మీద ఫాస్ట్ రైళ్లు ఎక్కనివ్వరు కాబట్టి నాలుగు చోట్ల మారాలి. మీరెవరైనా ఇలా వెళ్తే తిండి వెంట తీసుకెళ్లండి. కోబ్లెంజ్ దాటాక నా నిమ్మకాయ పులిహోర, ఆమె ఉల్లికాడల రొట్టెలు పంచుకు తిన్నాం. పక్కనే రైన్ నదిలో సరుకు పడవలు.

"దక్షిణాది నుంచి రాజధానికి ధాన్యం వచ్చే పెద్ద కాలువ మా ఊళ్లోనే ఆగేది. మా ముత్తాత పడవల్లోంచి బస్తాలు దించేవాడు," అంది లిన్. తర్వాత కాలువ పని తగ్గింది, టోంగ్‌జౌ మన తాలూకా లాంటి కౌంటీగా మిగిలింది. ఆపైన బీజింగ్‌లో ఒక జిల్లా అయింది. ఇప్పుడు నగర పాలక కార్యాలయాలే అక్కడికి తరలి వచ్చాయి. "కాలువ కథ నేను చెప్తాను, పాలన నువ్వు చెప్పు," అంది. సరేనన్నాను.

రెండింటికి సదస్సు. లిన్ "నేను బీజింగ్ నుంచి వచ్చాను" అనగానే నా నోరు ఊరుకోలేదు. "అసలు బీజింగ్ కాదులెండి, మొన్నమొన్నటిదాకా పల్లెటూళ్ల కౌంటీ," అన్నాను. అందరూ నవ్వారు. లిన్ కూడా నవ్వింది, కానీ కాలువ కథ రెండు ముక్కల్లో ముగించి కూర్చుంది. మిగతా సమయమంతా నేనే మాట్లాడాను. ఆ రాత్రి యూత్ హాస్టల్‌లో దిగాం. ఆ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

మర్నాడు తొమ్మిదింటికి తిరుగు ప్రయాణం. మైన్జ్‌లో ఎక్కిన ఒకావిడ చిన్న కూతురితో మా ఎదురుగా కూర్చుంది. నేను ఫోన్లో అమ్మతో మాట్లాడటం విని, పెట్టేయగానే పలకరించింది.

"ఏ ఊరు తమ్మీ?"

"హైదరాబాద్ అక్కా."

"హైదరాబాద్‌ల ఏడ?"

"ఉప్పల్."

"మాది ఘట్‌కేసర్. మీ సిటోళ్లకు అది పల్లెటూరే గదా," అని నవ్వింది. అమ్మమ్మ ఉండేది అక్కడేనని పాప జర్మన్‌లో అందుకుంది.

ఘట్‌కేసర్ మాట వినగానే లిన్ మొహం విప్పారింది. అక్కడి నుంచి కాలేజీకి బస్సులో వేలాడుతూ వెళ్లిన నా కథలు ఆమె ఆకెన్‌లో మా హాస్టల్ వంటగదిలో ఎన్నోసార్లు విన్నది. నా వైపు తిరిగి, మాదీ ఆ ఊరేనని నేను చెబుతానని ఎదురుచూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.

"మరి నీదేవూరు?" అని అక్క ఇంగ్లీషులో ఆమెను అడిగింది.

"టోంగ్‌జౌ," అంది లిన్. "బీజింగ్ శివారు." నా ఊరి సంగతి మాత్రం బయటపెట్టలేదు.

కోబ్లెంజ్‌లో దిగుతూ అక్క, "ఎప్పుడన్న మా దిక్కొస్తే ఇంటికి రా తమ్మీ. బస్టాండ్ ఎన్కనే," అంది. మా ఇల్లూ ఆ బస్టాండ్ వెనక వీధిలోనే. తల ఊపాను.

సిగ్గుతో ఆకెన్ దాకా లిన్ మొహం చూడలేకపోయాను. ఆ దారిలో రైన్ చాలా బాగుంటుందని అందరూ అంటారు. తిరిగొచ్చేటప్పుడు నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఏమీ కనిపించలేదు.