లిన్ గారి ట్రే ఎందుకు వెనక్కి వెళ్ళేది

2018 సెప్టెంబరులో నన్ను లండన్‌లోని ఒక ఆసుపత్రిలో స్ట్రోక్ వార్డుకు ఛార్జ్ నర్సుగా వేశారు. లండన్ అంటే ఇంగ్లండులోది కాదు, కెనడాలో ఒంటారియోలోది; ఈ సంగతి మా బంధువులకు ఇప్పటికీ చెబుతూనే ఉంటాను. ఛార్జ్ నర్సు అంటే ఒక షిఫ్టులో వార్డు మొత్తానికి పూచీ పడే నర్సు. ఏ నర్సుకు ఏ పేషెంటు, ఏ మంచం ఎప్పుడు ఖాళీ అవుతుంది, డాక్టరుకు ఏది ముందు చెప్పాలి, ఇవన్నీ ఆమె చేతి మీదుగా నడుస్తాయి. దేవుని దయవల్ల ఆ పని నాకు నచ్చింది, చేతనైంది కూడా.

నా చదువు మొదట ఇంట్లోనే సాగింది. నాన్న పాస్టరు కావడంతో గోదావరి జిల్లాల్లో తరచూ ఊళ్ళు మారేవాళ్ళం. అందుకని అమ్మే నాకు బడి అయింది. సాయంత్రం నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి, వీధిలో చూసిందల్లా పలక మీద రాయమనేది. "సూరమ్మ కోపంగా వెళ్ళింది" అని రాస్తే చెరిపేసేది. "కోపం నీ కంటికి కనిపించిందా? వేగంగా నడిచింది అని రాయి," అనేది. తరవాత నర్సింగ్ స్కూల్లో చార్టు రాయడం నేర్పినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు.

ఆ ఏడు ఊరంతా విద్యార్థులే. బస్సెక్కితే తెలుగు, పంజాబీ, చైనీస్ మాటలు కలగలిసి వినిపించేవి. బేస్‌మెంట్‌లో ఒక గది దొరకడం గగనమైపోయింది. మా వార్డులో ఎనిమిదో గదిలో ఉన్న లిన్ గారు అలాంటి పిల్లలకు తన ఇంట్లో గదులిచ్చే ఆవిడ. ఆమె పేరు మార్చాను. చైనా నుంచి భర్తతో, పసిబిడ్డతో వచ్చారు. భర్త పోయాక ఒక హోటల్లో దుప్పట్లు ఉతికి, యూనివర్సిటీ దగ్గర పాత ఇల్లు కొనుక్కుని, కూతురు ఎస్తర్‌ను అకౌంటెంటును చేశారు. ఎస్తర్ ఉద్యోగం టొరంటోలో. శని, ఆదివారాల్లోనే రాగలిగేది.

ఈ వివరాలన్నీ నాకు చెప్పింది శిరీష. కాకినాడ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి లిన్ గారి బేస్‌మెంట్‌లో ఉంటున్న అమ్మాయి. నా బ్యాడ్జి మీద పేరు చూడగానే "హమ్మయ్య, తెలుగా ఆంటీ!" అని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "అందరూ రెంట్ పెంచేస్తుంటే ఈవిడ పెంచలేదు ఆంటీ. ఫ్రైడే నూడుల్ సూప్ చేస్తారు. కిందకి జారుకున్నామా, వచ్చి తలుపు బాదుతారు. తినేదాకా వదలరు," అంది.

స్ట్రోక్ లిన్ గారి మెదడు ఎడమ భాగానికి వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది, చైనీస్ కూడా. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తూ, రోజూ మెత్తగా రుబ్బిన భోజనం కొద్దిగా నోటితో పెట్టి చూడమని ఆర్డరు ఉంది. స్ట్రోక్ పేషెంటుకు తినిపించడానికి ఒక నియమం ఉంది: నిటారుగా కూర్చోవాలి, పూర్తి మెలకువలో ఉండాలి. మగతలో ఉన్న మనిషి నోట్లో చెంచా పెడితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. లిన్ గారి చార్టులో మాత్రం పూటపూటకీ ఒకటే మాట: "నిద్రమత్తు. తినిపించలేదు." ట్రే వెళ్ళినట్టే వెనక్కి వచ్చేది.

ఇక కడుపులోకే నేరుగా గొట్టం వేద్దామని డాక్టరు నిర్ణయించారు. దానితో పాటు ఇంకో అవకాశం కూడా పోతుంది. స్ట్రోక్ తరవాత నడక, మాట తిరిగి నేర్పే రీహాబ్ వార్డు ఉంది. మెలకువగా ఉండి వ్యాయామం చేయగలవాళ్ళకే అక్కడ మంచం ఇస్తారు. "నిద్రమత్తు" అని ఉన్నవాళ్ళు నర్సింగ్ హోమ్‌కు వెళతారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు సొంత ఇంటికి రావడం అరుదు. సోమవారం ఉదయం సమావేశం. గొట్టానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టడానికి ఎస్తర్ సెలవు పెట్టి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ ట్రే నేనే తీసుకెళ్ళాను. లిన్ గారు ట్రే వంక చూశారు. తరవాత బాగున్న ఎడమ చేత్తో, పడిపోయిన కుడి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, దుప్పటి మీదుగా ఈడ్చి ఒళ్ళోకి తెచ్చారు. వేళ్ళలో వేళ్ళు దూర్చడానికి తంటాలు పడ్డారు. అప్పుడు కళ్ళు మూసుకున్నారు. పిలిస్తే పలకలేదు.

నిద్ర ముంచుకొచ్చే మనిషి చెయ్యి జారిపోతుంది. ఈమె చేతిని ఒళ్ళోకి తెచ్చుకున్నారు. మా ఇంట్లో నాన్న భోజన ప్రార్థన చేస్తుండగా ఎవరు పిలిచినా పలికేవారు కాదు. నేను చెంచా కింద పెట్టి ఊరుకున్నాను. పప్పులాంటి ఆ రుబ్బిన క్యారెట్ మీద ఆవిరి పోయింది. అప్పటికి గానీ ఆమె కళ్ళు తెరవలేదు. తెరిచాక నన్ను చూసి, ఇంకా ఇక్కడే ఉన్నావా అన్నట్టు కనుబొమలు ఎత్తారు.

ఆ రోజు నేను తినిపించలేదు. చార్టులో "నిద్రమత్తు" అని ఉన్నంతవరకు, నా ఊహ మీద తినిపించే అధికారం నాకు లేదు. మింగే శక్తిని పరీక్షించేది స్పీచ్ థెరపిస్టు. కారిడార్లో శిరీషను అడిగాను, ఇంట్లో ఆవిడ ప్రార్థన ఎంతసేపు చేస్తారని.

"అమ్మో, అదా! సూప్ ఐస్ అయిపోతుంది ఆంటీ. ఇంట్లో ఉన్నవాళ్ళు, వెళ్ళిపోయినవాళ్ళు, అందరి పేర్లూ వరసగా చదువుతారు. మేం టేబుల్ కింద ఫోన్లు చూసుకుంటాం. నేను హిందువుని ఆంటీ, అయినా నా పేరు రాకపోతే ఊరుకోను."

సోమవారం సమావేశానికి ముందే స్పీచ్ థెరపిస్టు మేగన్‌కు విషయం చెప్పాను. ఆమె వెంటనే సామాను సర్దుకుని వచ్చింది. అలా వచ్చే మనిషి దొరకడం కూడా ఒక కృపే. గదిలో ఎస్తర్, శిరీష ఉన్నారు. మేగన్ చెంచా ఎత్తగానే లిన్ గారు కుడి చేతిని ఒళ్ళోకి లాక్కుని కళ్ళు మూసుకున్నారు.

"మామ్, ప్లీజ్, వేకప్," అంది ఎస్తర్. మేగన్ నా వైపు చూసింది. ఆగమన్నట్టు చెయ్యి చూపాను.

"నా పేరు దాకా ఇంకా వచ్చుండరు," అని శిరీష నా చెవిలో గొణిగింది.

కొంతసేపటికి లిన్ గారు తల ఒక్కసారి గట్టిగా ఊపారు. అది ఆమెన్. కళ్ళు తెరిచి, నోరు తెరిచారు. మొదటి చెంచా మింగారు, గొంతు కదలడం మేగన్ వేళ్ళతో తాకి చూసింది. రెండోదీ మింగారు. నీళ్ళు మాత్రం దగ్గు తెప్పించాయి. వాటిని పొడి కలిపి చిక్కగా ఇవ్వాలని మేగన్ రాసింది. ఎస్తర్ ఏడుస్తూ నవ్వింది. చిన్నప్పుడు ఆకలేసి, ఆ ప్రార్థన మధ్యలో రొట్టె దొంగతనంగా తినేదాన్ననీ, తనకే తట్టాల్సిందనీ అంది.

కడుపు గొట్టం వెయ్యలేదు. లిన్ గారికి రీహాబ్‌లో మంచం దొరికింది. మాట నేర్పడానికి మేగన్, లిన్ గారి ఇంట్లో అద్దెకున్న పిల్లల పేర్లనే వాడింది. మొదట వచ్చిన మాట "సిలిసా". ఉచ్చారణ దెబ్బతిందని మేగన్ రాయబోతుంటే శిరీష ఆపింది: "కాదు కాదు, నన్ను మొదట్నుంచీ అలాగే పిలుస్తారు!"

ఆమె చేతికర్రతో తన ఇంటికే వెళ్ళారు. శుక్రవారం సూప్ మళ్ళీ మొదలైంది. కూరలు తరగడం పిల్లల వంతు అయింది. ఒకసారి నేనూ వెళ్ళి చల్లారిన సూప్ తిన్నాను. నా ఉద్యోగ జీవితంలో గర్వంగా చెప్పుకోగలిగిన భోజనం అది.

ట్రే వెనక్కి పంపిన వార్డు సహాయకులది తప్పు కాదు. వాళ్ళు నియమం పాటించారు. కళ్ళు మూసుకున్న మనిషికి ఎవరూ తినిపించకూడదు. అయితే "కళ్ళు మూసుకున్నారు" అనేది చూసిన సంగతి, "నిద్రమత్తు" అనేది దాని మీద మన తీర్పు. రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ షిఫ్టు అప్పగించేటప్పుడు ఈ రెంటినీ విడిగా చెప్పమన్నాను. ముందుగా మొదటిది చార్టులో రాయాలి. రెండోది రాసేముందు, చెంచా కింద పెట్టి కాసేపు ఆగాలి.