రోజుకు అయిదు డాలర్ల సరదా

మా ఆయన ఉద్యోగం పోయిన వారానికల్లా ఇంట్లో నిషేధాలు మొదలయ్యాయి. తెలుగు చానెళ్ల చందా ఆగిపోయింది. అమ్మాయి డాన్స్ క్లాసు మాన్పించారు. ఇండియన్ షాపులో కరివేపాకు కొనడం కూడా దండగే అన్నారు. సాయంత్రం నేను హాల్లో లైటు వేస్తే వెనకే వచ్చి ఆర్పేసేవారు. మనిషి దెబ్బ తిని ఉన్నాడు, ఏదో ఒకటి తన చేతుల్లో ఉందనిపించాలి కదా అని నేనూ కొన్నాళ్లు ఊరుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం కాఫీ కలుపుకుంటుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "పొద్దున తాగావుగా, మళ్లీనా?" అన్నారు. అంతే, నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏవండీ, పోయింది ఉద్యోగం. మనుషులు కాదు. ఇంట్లో ఈ మైల ఇంకా ఎన్నాళ్లు పట్టమంటారు?" అన్నాను.

నేను ఆ కాఫీని ఆయన ఎదురుగా కూర్చుని చప్పరిస్తూ తాగాను. కావాలనే.

మేముండేది మెల్‌బోర్న్‌కి ఉత్తరాన, క్రెయిగీబర్న్‌లో, అద్దె ఇంట్లో. నేను ఇంటి దగ్గర చైల్డ్ కేర్‌లో వారానికి మూడు రోజులు పనిచేస్తాను. నా జీతానికి, దాచుకున్న దాంట్లోంచి కొంచెం కొంచెం కలుపుకుంటూ వస్తే, అద్దె, బిల్లులు, పెట్రోలు, బియ్యం, పప్పులు అన్నీ పోను రోజుకు అయిదు డాలర్లు మిగులుతాయి. ఇద్దరం కూర్చుని వేసిన లెక్కే ఇది. ఆ అయిదూ కూడా దాచేద్దామన్నారు ఆయన. నేను చచ్చినా ఒప్పుకోనన్నాను.

"అయిదు డాలర్లు దాచి మనం ఇల్లు కొంటామా? ఇది సరదా డబ్బు. సరదాకే పోవాలి."

పద్ధతి కూడా నేనే పెట్టాను. రోజుకొకరి వంతు. ముందు నేను, తర్వాత ఆయన, ఆ తర్వాత అమ్మాయి. ఎవరి వంతైతే వాళ్లు ఆ అయిదు డాలర్లూ నోటికో కంటికో బాగుండే దాని మీద తగలెయ్యాలి. సరుకులు కొనకూడదు. ఎవరైనా ఖర్చు పెట్టకుండా దాచేస్తే మర్నాటి వాళ్ల వంతు రద్దు. ఆయన వెనక పదేళ్ల అమ్మాయిని ఎందుకు పెట్టానో ఆయనకి వెంటనే అర్థమైంది. "నువ్వు మామూలుదానివి కాదు" అన్నారు. కాదు మరి.

నా మొదటి వంతు నాడు ఆప్ షాపుకి వెళ్లాను. జనం వద్దనుకుని ఇచ్చేసిన సామానంతా అక్కడ చవగ్గా అమ్ముతారు. పింగాణీ కప్పుల మధ్య ఒక స్టీలు గ్లాసు కనిపించింది. అంచు కింద తెలుగులో ఎవరిదో పేరు చెక్కి ఉంది. ఏ తల్లి కూతురి కాపురానికని చెక్కించి ఇచ్చిందో, అది ఎన్ని వంటిళ్లు తిరిగి ఇక్కడికొచ్చి పడిందో! డాలరున్నర ఇచ్చి తెచ్చుకున్నాను. మిగిలిన దాంతో సూపర్‌మార్కెట్‌లో సగం ధరకి పెట్టిన పసుపు పూల కట్ట కొన్నాను. రెండు రోజుల్లో వాడిపోయాయి. అయితేనేం, ఆ రెండు రోజులూ మా టేబుల్ మీద పూలున్నాయి.

అమ్మాయి తన వంతుకి వేడి వేడి చిప్స్ కొనిపించింది. లేక్ పక్కన గడ్డిలో కూర్చుని తిన్నాం. నేను హ్యాండ్‌బ్యాగులోంచి వెల్లుల్లి కారం సీసా తీసి పైన చల్లితే, "అమ్మా, పీపుల్ ఆర్ లుకింగ్!" అంది. చూడనీ. కాసేపటికి తనే సీసా నా చేతిలోంచి లాక్కుంది. కొన్నింటికి ఆ అయిదు డాలర్లు కూడా అక్కర్లేదు. పాత ఇళ్ల వీధిలో గేటు ముందు నిమ్మకాయలు డబ్బాలో పోసి 'ఫ్రీ' అని రాసి పెడతారు. సంచి నిండా తెచ్చి పచ్చడి పెట్టాను. ఆ వారమంతా మా ఇంట్లో పెరుగన్నం రాజభోజనంలా ఉంది.

ఆయన వంతే తేలలేదు. మొదటిసారి డబ్బు తీసుకెళ్లి బ్రెడ్, పాలు పట్టుకొచ్చారు. "ఇవి సరుకులు. సరదా కాదు. వెనక్కి ఇచ్చేసి రండి" అని వాకిట్లోంచే తిప్పి పంపాను. మొహం మాడ్చుకుని వెళ్లి, గంట తర్వాత ఒకే ఒక్క మామిడిపండు తెచ్చారు. ముగ్గురం సింకు దగ్గర నిలబడి తిన్నాం. టెంక ఆయనకే ఇచ్చాం. మోచేతుల దాకా రసం కారుతుంటే ఆ టెంకని తెల్లగా అయ్యేదాకా చీకారు. "నాన్నా, దట్స్ గ్రోస్" అని అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఆయనా నవ్వబోయి ఆగిపోయారు.

అసలు సంగతి డబ్బు కాదు. ఆయన జనంలోకి రావడం మానేశారు. ఇక్కడ ఇద్దరు తెలుగువాళ్లు ఎదురుపడితే మొదటి మాట 'తెలుగా?', రెండో మాట 'ఏ ఊరు?', మూడో మాట 'ఎక్కడ చేస్తున్నారు, ఏ టెక్నాలజీ?'. ఆ మూడో మాటకి ఆయన దగ్గర ఇప్పుడు జవాబు లేదు. సూపర్‌మార్కెట్‌లో మన మొహం ఏది కనిపించినా ట్రాలీ వెనక్కి తిప్పేసేవారు. ఒకసారి ఎవరో మాజీ సహోద్యోగిని చూసి టిష్యూ పేపర్ల దొంతర వెనక్కి వెళ్లి నిలబడిపోయారు. పదిమందికి పని నేర్పిన మనిషి! నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఉద్యోగం ఎప్పుడొస్తే అప్పుడొస్తుంది, ముందు ఈ మనిషి నలుగురిలో తలెత్తుకు నిలబడాలి. నాకు కావలసింది అదొక్కటే. ఆ అయిదు డాలర్ల గోలంతా అందుకే.

శనివారం పొద్దున్నపూట ఇక్కడి పెద్ద హార్డ్‌వేర్ షాపు ముందు ఏదో ఒక స్కూలు వాళ్లో క్లబ్బు వాళ్లో టెంటు వేసి, పెనం మీద సాసేజ్‌లు కాల్చి బ్రెడ్‌లో పెట్టి అమ్ముతారు. ఆ మాంసం మాకు పడదు. కానీ పక్కనే వేరే పెనం మీద ఉల్లిపాయలు ఎర్రగా వేగుతూ ఉంటాయి. ఆ వాసన కారు పార్కింగ్ దాకా వచ్చి పిలుస్తుంది. ఆయన వంతు శనివారం పడిన రోజు నేను ఆయన్ని దాదాపు ఈడ్చుకెళ్లాను. "సాసేజ్ వద్దు, ఉల్లిపాయలే పెట్టండి" అని అడిగితే, అక్కడున్న పెద్దావిడ, "జస్ట్ ఆనియన్స్, లవ్?" అని నవ్వి, గరిటెడు బదులు రెండు గరిటెలు వేసి, ఒకదానికి డాలరు చాలంది. గోడ పక్కన నిలబడి కారం చల్లుకుని కొరికాం. ఆయన కళ్లు మూసుకుని నములుతూ, "బజ్జీలో ఉల్లిపాయలాగే ఉందే" అన్నారు. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆంటీ మొక్కల ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చారు.

ఆంటీ అంటే మా తెలుగువాళ్లలో అందరికీ ఆంటీయే. ఎప్పుడో వచ్చి స్థిరపడిన డాక్టరుగారి భార్య. నెలకోసారి వాళ్లింట్లో పూజ, భోజనాలు. మా సంగతి తెలిసిన మర్నాడే బియ్యం బస్తా, కందిపప్పు, నూనె కారులో వేసుకుని వచ్చారు. ఆ రోజు ఆవిడకి మనస్ఫూర్తిగా దండం పెట్టాను.

"ఓహ్, మీరా!" అని ఆగి, మా చేతుల్లోకి చూశారు. "ఇంట్లో బియ్యం ఉన్నాయా అమ్మాయ్? అయిపోతే మెసేజ్ పెట్టు. ఈ టైములో ఇలా బయట తిళ్లు తింటే ఎలా? యూ హ్యావ్ టు బి కేర్‌ఫుల్ నౌ." మామూలు గొంతే. కానీ లైన్లో సగం మనవాళ్లే ఉన్నారు. నలుగురూ తిరిగి చూశారు.

మా ఆయన సగం తిన్న బ్రెడ్‌ని పక్కనున్న చెత్తబుట్టలో పడేసి, కారు వైపు నడిచి వెళ్లిపోయారు.

మళ్లీ మొదటికొచ్చింది. తర్వాతి వంతుకి ఆయన ఇల్లు కదల్లేదు. అయిదు డాలర్ల నోటు టేబుల్ మీదే పడి ఉంది. మర్నాడు అమ్మాయి వంతు రద్దయింది. "ఇది అన్యాయం! నేనేం చేశాను?" అని మామూలుగా ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్ల తెలుగులో ఏడ్చింది. పోనీలే అని ఇచ్చేద్దామనిపించింది. ఇవ్వలేదు. ఇస్తే ఆయన శాశ్వతంగా ఆ కుర్చీలోనే ఉండిపోతారని నా భయం.

ఆ నెల పూజకి రానంటే రానన్నారు. "మీరు రాకపోతే తప్పు చేసి దాక్కున్నట్టుంటుంది. మనమేం దొంగతనం చేశామా?" అని బయల్దేరదీశాను. భోజనాలయ్యాక హాల్లో అందరం కూర్చున్నాం. మా ఆయన మగవాళ్ల వైపు, గోడ వారగా, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తున్నారు. ఆంటీ నా పక్కన చేరి, చెయ్యి పట్టుకుని, అందరికీ వినపడేలా మొదలుపెట్టారు.

"ఆ రోజు షాపు ముందు మిమ్మల్నలా చూసి నాకే బాధేసింది అమ్మాయ్. పువ్వులంటావు, చిప్స్ అంటావు, మీ పాప చెప్పిందిలే అన్నీ. కష్టంలో ఉన్నప్పుడు మనసు కట్టేసుకోవాలి. ఉద్యోగం వచ్చాక తినొచ్చు, తిరగొచ్చు. వి ఆర్ హెల్పింగ్ యు ఫర్ యువర్ గుడ్ ఓన్లీ కదా?"

తల కొట్టేసినట్టయింది. ఆవిడ చెయ్యి మెల్లగా తీసి ఆవిడ ఒళ్లోనే పెట్టాను.

"ఆంటీ, మీరు బియ్యం ఇచ్చారు. అన్నం తిన్న ప్రతిసారీ తలుచుకుంటున్నాం. కానీ బియ్యంతో పాటు మా నాలుకలు మీకు రాసివ్వలేదు. ఉద్యోగం లేదని మేం ఏడుస్తూ కూర్చుంటే మీకు తృప్తిగా ఉంటుందేమో, మాకు కుదరదు. అద్దె కడుతున్నాం, పిల్లని చదివిస్తున్నాం, మిగిలింది అయిదు డాలర్లు. అవి మా ఇష్టం."

మగవాళ్లు కూడా ఇటు తిరిగి చూశారు. ఆంటీ మొహం ఎర్రబడింది. "నీకు నోరెక్కువ అమ్మాయ్" అన్నారు.

"అవునాంటీ. ప్రస్తుతానికి మా ఇంట్లో ఎక్కువగా ఉన్నది అదొక్కటే" అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆయనే కారు నడిపారు. అంతమందిలో పరువు తీశావని విరుచుకుపడతారని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఆవిడ బస్తా తనే మోసుకొచ్చింది తెలుసా, నన్ను పట్టుకోనివ్వకుండా" అన్నారు.

"తెలుసు. అందుకే దండం పెట్టాను."

"మరి అన్ని మాటలు అవసరమా?"

"అవసరమే" అన్నాను. ఆ వారమంతా ఆయన ముభావంగానే ఉన్నారు. నేను తప్పు చేశానా అని ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది కానీ, బయటికి చెప్పలేదు.

వంతు తిరిగి శనివారం నాడు ఆయనకే వచ్చింది. నేను బట్టలు ఆరేస్తుంటే తయారై వచ్చి, నోటు జేబులో పెట్టుకుని, "పదండి" అన్నారు. ఎక్కడికని నేను అడగలేదు. అమ్మాయి అప్పటికే చెప్పులు వేసుకుని కారు దగ్గరుంది.

హార్డ్‌వేర్ షాపు ముందు లైను పొడుగ్గానే ఉంది. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని మా వెనకున్నాయన ముందుకొచ్చాడు. కొత్తగా వచ్చినట్టున్నాడు, మొహమంతా నవ్వు. "తెలుగా అన్నా? ఏ ఊరు మనది?" అన్నాడు. మా ఆయన గుంటూరు అన్నారు. "మాది నల్గొండ అన్నా. ఏడ చేస్తున్నరు? ఏ టెక్నాలజీ?"

అప్రయత్నంగా మా కారు ఎక్కడుందా అని చూశాను. మా ఆయన కదల్లేదు. జేబులో చేతులు పెట్టుకుని అతని మొహంలోకి సూటిగా చూశారు.

"ఉద్యోగం పోయిందండీ. వెతుకుతున్నా, ఇంకా దొరకలేదు."

ఆ మాట ఆయన నోటి నుంచి బయటివాళ్ల ముందు వినడం నాకదే మొదటిసారి. పాపం, ఆ మనిషికి ఎటు చూడాలో తెలియలేదు. "అయ్యో, సారీ అన్నా, నాకు తెల్వక అడిగిన" అంటూ నీళ్లు నమిలాడు. ఇంతలో మా వంతు వచ్చింది. మా ఆయన నాలుగు వేళ్లు చూపించి నాలుగు కొని, నాలుగో బ్రెడ్డు అతని ముందుకి చాపారు.

"వద్దన్నా, ఎందుకన్నా, మీరు అసలే..." అని అతను వెనక్కి జరిగాడు.

"తీసుకోండి సార్" అన్నారు మా ఆయన, లైనంతా తిరిగి చూసేంత గట్టిగా. "ఉద్యోగం లేదన్నాను. నలుగురికి పెట్టలేనని చెప్పానా?"