బండికి కట్టిన పేరు

ఆ పేరు ఇక్కడ రాయను. రాసే హక్కు మాకు మిగిలిందో లేదో నాకే సరిగ్గా తెలియదు. మాదాపూర్ ఆఫీసుల మధ్య, ఫుట్‌పాత్ పక్కన మా అమ్మ ఇడ్లీ బండి పెట్టిన మొదటి రోజున తనే ఆలోచించి పెట్టుకున్న పేరు. పదకొండేళ్లు ఆ బండి మీదే బతికాం. తర్వాత చందానగర్‌లో ఒక షట్టర్ కిరాయికి తీసుకుని హోటల్ తెరిచినప్పుడు, అదే పేరుతో పెద్ద బోర్డు రాయించాం. బోర్డు పెట్టిన వారంలో, ఇంట్లో కంప్యూటర్ తెలిసినదాన్ని నేనే కదా అని, ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చెయ్యమని ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను.

కొన్ని నెలలకు జవాబొచ్చింది. ఆ పేరు మీద ఇప్పటికే ఇంకొకరి దరఖాస్తు ఉందట, కాబట్టి మాకు ఇవ్వడం కుదరదట. ఎవరా అని చూస్తే, బండి దగ్గర రోజూ తిన్న మనిషే. అప్పట్లో పక్క బిల్డింగ్‌లో ఉద్యోగం చేసేవాడు. "ఆంటీ, అల్లం చట్నీ జర ఎక్కువెయ్యి" అని ప్లేటు ముందుకు చాపేవాడు. మా బండి ఇంకా నడుస్తుండగానే ఉద్యోగం మానేసి, తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ లోపల అదే పేరుతో టిఫిన్ సెంటర్ పెట్టుకున్నాడు. ఆ గేటు లోపలికి మాలాంటి వాళ్లం ఎందుకు పోతాం? మాకేం తెలుస్తుంది? అమ్మ చట్నీ తిన్నాడు సరే, పేరు కూడా తినేశాడు.

కొండాపూర్‌లో ఒక వకీలు దగ్గరికి వెళ్లాం. కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"ముందు దరఖాస్తు పెట్టినంత మాత్రాన పేరు అతనిది అయిపోదండి. అతనికంటే ముందు నుంచి మీరు వాడుతున్నారని చూపించగలిగితే మన మాట నిలబడుతుంది. కాకపోతే కాగితం కావాలి. బిల్లో, ఫోటోనో, లైసెన్సో. దాని మీద పేరుండాలి, తేదీ ఉండాలి."

"మాదాపూర్ల ఎవల్నన్న అడుగున్రి సార్," అంది అమ్మ. "అందరికీ ఎరుకే."

"ఎరుక సరిపోదమ్మగారూ."

అప్పుడాయన మా దరఖాస్తు తిరగేసి ఆగిపోయాడు. "ఇందులో ఈ పేరు వాడటం మొదలుపెట్టింది హోటల్ తెరిచిన రోజు నుంచి అని ఉందేంటండీ? అఫిడవిట్‌లో కూడా అదే ఉంది. అతను దానికి మూడేళ్ల ముందు నుంచి వాడుతున్నానంటున్నాడు."

నింపేటప్పుడు పొరపాటు జరిగిందని చెప్పాను. సరిచెయ్యమని అడిగి చూడొచ్చు గానీ, ప్రమాణం చేసి ఇచ్చిన తేదీని మార్చడం తేలిక కాదని, బండి రోజులకు గట్టి సాక్ష్యం ఉంటేనే ఆశ అని ఆయన అన్నాడు. అమ్మ మా ఇద్దరి ముఖాలూ చూసింది. ఆ వకీలు మాటల్లో తనకు ఎంత అర్థమైందో నేను అడగలేదు.

సాక్ష్యం ఎక్కడినుంచి తేవాలి? సాక్ష్యం లేకుండా చూసుకోవడమే పదకొండేళ్లు మా పని. ఆ బండ్ల వరసలో అందరికీ ఒక నమ్మకం. పేరున్న బండినైతే మున్సిపల్ లారీలో ఎత్తుకుపోతారు, పేరు లేనిదైతే పక్కకు జరపమని వదిలేస్తారు. నిజమో కాదో ఎవరూ పరీక్షించి చూడలేదు, చూసే ధైర్యం ఎవరికుంది? అందుకే ఎవరి బండి మీదా పేరు పెయింటుతో ఉండేది కాదు. గుడ్డ మీద రాయించి, లాగితే ఊడొచ్చే ముడితో కట్టేవాళ్లు. లారీ మలుపు తిరగగానే చివరి బండాయన ఈల వేసేవాడు. వరసంతా ఒక్క గుంజుతో పేర్లు ఊడదీసేది. అమ్మ గుడ్డను నాలుగు మడతలు వేసి, స్టూలు మీద పెట్టి దాని మీద కూర్చునేది.

ఫోటోలూ అంతే. తినడానికొచ్చిన వాళ్లెవరైనా ఫోన్ పైకెత్తితే అమ్మ ముందుగా గుడ్డ విప్పేది. ఫోటోలో పేరు పడితే ఎవరి కంట పడుతుందోనని భయం. వెతికి వెతికి నాలుగు ఫోటోలు సంపాదించాను. నాలుగింటిలోనూ ప్లేట్లున్నాయి, ఆవిరి ఉంది, అమ్మ మోచెయ్యి ఉంది. పేరు లేదు.

చివరికి అమ్మే ఒక మాట అంది. "జుర్మానా కట్టిన కాయితాలు దాసిపెట్టిన బిడ్డా. ఒక్కటి గూడ పారెయ్యలె."

నాకు ప్రాణం లేచొచ్చింది. సర్కారు ముద్ర, తేదీ, చోటు అన్నీ ఉంటాయి. ఇగ ఫికర్ లేదనుకుని, అమ్మను వెంటబెట్టుకుని, కట్ట మొత్తం తీసుకెళ్లి వకీలు బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కొక్కటే విప్పి చదివాడు. బండి పేరు ఏ చలానాలోనూ లేదు. అది పోనీ, అమ్మ పేరు కూడా లేదు. ఒకదాంట్లో మా పెద్దమ్మ పేరు, ఇంకోదాంట్లో మా మేనత్త పేరు, రెండింటిలో ఎప్పుడో చనిపోయిన మా నాయనమ్మ పేరు.

"ఇదేందమ్మా?" అన్నాను.

"ఒక్కటే పేరు మల్ల మల్ల కనబడితె బండి గుంజుకపోతరన్నరు," అంది అమ్మ. "నాకేం ఎరుక, ఇట్ల అయితదని?"

వకీలు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, కానీ నాకు ఒళ్లు మండిపోయింది. ఒక మనిషి బతకడం కోసం తన పేరును తానే తుడిచేసుకుంటూ వస్తే, అందులో నవ్వడానికేముంది?

ఇక మిగిలింది మనుషుల సాక్ష్యం. అన్నేళ్లు తిన్నవాళ్లెవరైనా, ఫలానా ఏడాది నుంచి ఫలానా పేరుతో బండి ఉండేదని అఫిడవిట్ ఇస్తే కొంతైనా పనికొస్తుందన్నాడు. నాకు వెంటనే మా పాత మేనేజర్ గుర్తొచ్చాడు.

నా మొదటి ఉద్యోగం ఆ బండికి ఎదురుగా ఉన్న బిల్డింగ్‌లోనే. టీమంతా పొద్దున అక్కడే తినేది. నేను ఇంట్లో తినొచ్చానని పైనే కూర్చునేదాన్ని. ఒకసారి వదలకుండా లాక్కెళ్లారు. అమ్మ తలెత్తి నన్ను చూసింది, నా వెనకున్న వాళ్లను చూసింది. "ఏం కావాలె మేడమ్?" అంది. ఇడ్లీ అన్నాను. వేసిచ్చింది. సిగ్గు లేకుండా నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ విషయం ఆ రోజూ ఆ తర్వాతా ఇంట్లో మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ మేనేజర్‌ను రాయదుర్గంలో ఒక కాఫీ షాపులో కలిశాను.

"ఆ ఇడ్లీ ఎలా మర్చిపోతాం! పేరు కూడా గుర్తుంది," అన్నాడు. నేను ఇంకా కాగితం బయటికి తియ్యలేదు, ఆయన బండి పేరు తప్పు లేకుండా పలికాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. విషయం చెప్పి, సంతకం అడిగాను.

"ఆవిడ నీకేమవుతారు?"

"మా కాలనీ ఆవిడ."

ఎందుకలా అన్నాను? ఇప్పటికీ తల బాదుకుంటాను. ఉద్యోగం పాతబడింది, హోటల్ వచ్చింది, దాచుకోవడానికి కారణమంటూ ఏదీ మిగల్లేదు. అయినా నోరు తన అలవాటు మానుకోలేదు. ఆయన కాగితాన్ని నా వైపు జరిపాడు.

"పరాయివాళ్ల గొడవలో ప్రమాణ పత్రాలు ఎందుకులే. నువ్వు కూడా చిక్కుల్లో పడకు," అన్నాడు.

మా అమ్మ అని చెప్పి ఉంటే చేసేవాడు. మంచివాడు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా, చెప్పలేదు. కాఫీకి థాంక్స్ చెప్పి లేచొచ్చాను.

వకీలుకు ఆయన ఒప్పుకోలేదని మాత్రమే చెప్పాను. కొత్త పేరు చూసుకోవడం మంచిదని ఆయన తేల్చేశాడు. ఆ సాయంత్రం హోటల్లో రద్దీ తగ్గాక అమ్మ చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా కూర్చుంది.

"అప్పుడు నాతోని సంతకం పెట్టిచ్చినవ్ చూడు, గా కాయితం. గండ్ల ఏమున్నది?"

చదివాను. తెలుగులో చెప్పాను. ఈ పేరుతో నేను వ్యాపారం మొదలుపెట్టింది ఫలానా తేదీన, చందానగర్‌లో, ఇది సత్యమని ప్రమాణం చేస్తున్నాను అని.

"అది హోటల్ తెర్సిన దినం గద."

"అవును."

"నోటరీ సార్ రాసిండా గట్ల?"

"నేనే రాశాను."

"మర్చిపోయినవా?"

మర్చిపోయానంటే సరిపోయేది. ఫుట్‌పాత్ బండి అని రాస్తే చట్టం ఒప్పుకోదేమో అనుకున్నానని చెప్పినా నమ్మేది, నేను కూడా కొన్నాళ్లు అదే నమ్మాను. కానీ ఆ తేదీ దగ్గర బండి అనే మాట రాయడానికి నా చెయ్యి రాలేదు. సిగ్గేసింది. ఆ మాటే చెప్పాను.

అమ్మ తిట్టలేదు. కొంచెం సేపు బల్ల మీద తడి తుడిచింది.

"నిన్ను ఇంజినీరింగ్ చదివించింది ఎవలు మరి?" అంది. "హోటల్ లేకపాయె అప్పుడు."

జవాబు కోసం ఆగకుండా లేచి పిండి రుబ్బడానికి వెళ్లింది.

పది రోజుల తర్వాత కొత్త పేరుతో దరఖాస్తు తయారైంది. వకీలు ఆఫీసులో కాగితాలు అమ్మ ముందు పెట్టారు. సంతకం ఎక్కడో చూపిద్దామని నేను పక్కకు వంగాను. అమ్మ కాగితాలు నా చేతికి అందకుండా తీసుకుని, టైపు చేస్తున్న గుమస్తావిడ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"జర ఇదంత సదివి చెప్పవామ్మా," అంది. "ఏం రాసిన్రో నాకు సదివి చెప్పేటోళ్లు లేరు."