తెర వెనక మూలుగు

తొకితా దెన్‌పచికి నలభై ఎనిమిదేళ్ళు. కోటలో తనిఖీ కచేరీ ఉద్యోగి. నడుముకి రెండు కత్తులు కట్టుకునే సమురాయ్ ఇంట్లోనే పుట్టాడు గానీ, పెద్ద కత్తిని ఒరలోంచి తీసి పదేళ్ళు దాటింది. ఇప్పుడు లాగినా వస్తుందో రాదో. మనిషికి కళ్ళు మాత్రం గొప్పవి. గాదెలో దొంగతనం జరిగితే నేల మీద రాలిన నాలుగు గింజలు చూసి, దొంగ ఏ చేత్తో బస్తా ఎత్తాడో చెప్పేవాడు. పిల్లలు మారాం చేస్తే "దెన్‌పచి చూస్తున్నాడు" అని తల్లులు బెదిరించేవాళ్ళు.

అయినా ఆ ఊరు అతన్ని మెచ్చుకున్నది చూసినందుకు కాదు, చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు.

సమురాయ్ వారసుడు లేకుండా పోతే ఆ ఇల్లు రద్దు. కోట నుంచి వచ్చే బియ్యం ఆగిపోతుంది, ముసలీ ముతకా మంచులో వీధిన పడాలి. పోయేలోపు ఎవరినైనా దత్తత తీసుకుంటే గండం గట్టెక్కినట్టే. ఆ సంగతి రోగి తన నోటితో చెప్పాలి, తనిఖీ మనిషి చెవులారా వినాలి, రోగి తన ముద్ర వేయాలి. చావు ఈ పద్ధతులన్నీ చదువుకుని రాదు కదా. అందుకని ప్రాణం పోయిన మనిషిని పక్క మీదే ఉంచి, అడ్డంగా తెర పెట్టి, దెన్‌పచికి కబురు పంపేవాళ్ళు. అతను తెరకి ఇవతల కూర్చుని, "ఫలానా అబ్బాయిని దత్తత చేసుకోవడం మీకు సమ్మతమేనా?" అని మర్యాదగా శవాన్ని అడిగేవాడు. అవతల ఎవరో ఒకరు మూలిగేవాళ్ళు. ముద్ర పడ్డ కాగితం బయటికొచ్చేది. "రోగి బతికే ఉన్నాడు, సమ్మతి విన్నాను" అని రాసిచ్చి, టీ తాగి వచ్చేసేవాడు. నాలుగు రోజులాగి ఆ ఇంటివాళ్ళు చావు కబురు బయటపెట్టేవాళ్ళు.

పదిహేనేళ్ళలో పదకొండు ఇళ్ళు అలా నిలబెట్టాడు. కచేరీలో ఈ సంగతి తెలియనివాడు లేడు, పైకి అన్నవాడూ లేడు. అతని పై అధికారి ఇసొనొ కూతుర్ని ఇచ్చింది కూడా ఆ పదకొండింట్లో ఒక ఇంటికే.

పన్నెండోది హనెదా మొకుబె ఇల్లు. మొకుబె గుర్రపుసాల కాపలాదారు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఇంట్లో కాళ్ళు పడిపోయిన తల్లి, చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగిన పనిమనిషి ఒషిగె, ఏడాది కిందట వచ్చి తిష్ఠ వేసిన దూరపు చుట్టం కింగొ. మాఘమాసపు చలిలో ఒకరోజు బారెడు పొద్దెక్కాక కబురొస్తే దెన్‌పచి వెళ్ళాడు. గుమ్మంలోనే కింగొ ఎదురొచ్చి దండం పెట్టాడు. అతని కత్తి ఒరకి వేలాడే తాడు కొత్తది, ఆకుపచ్చది. దెన్‌పచి కళ్ళు ఊరికే ఉండవు, అది చూశాయి.

కింగొ పేరు చెప్పి మామూలుగానే ప్రశ్న అడిగాడు. మామూలుగానే బొంగురు మూలుగు వినిపించింది. అంతలో ఎవరో వెనక తలుపు తీస్తే గాలికి తెర పక్కకి జరిగింది. మొకుబె మెడ కనిపించింది. మెడ చుట్టూ నల్లగా కమిలిన చార, అందులో పేనిన తాడు మెలికలు అచ్చు దిగినట్టు ఉన్నాయి. ఇటు చూస్తే ముసలావిడ నుదురు చాపకి ఆనించి లేవడం లేదు. పాపం, ఒంటరితనం భరించలేక ఉరేసుకున్నాడు కాబోలు అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఉరి అని బయటపడినా ఇల్లు పోతుంది. "బతికే ఉన్నాడు" అని రాసి సంతకం పెట్టాడు. టీ మాత్రం తాగలేదు.

ఈసారి నాలుగు రోజులు ఆగకుండా, కింగొ ఇంకా కోటలో ఉండగానే ఆ సాయంత్రం చావు కబురు బయటపెట్టారు. శవానికి స్నానం చేయించడానికి వచ్చినవాళ్ళు ఆ చార చూశారు. వాళ్ళకి నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాటికి సంగతి న్యాయాధికారి దాకా పోయింది. చార మెడ చుట్టూ అడ్డంగా ఉంది గనక ఉరి కాదు, హత్యేనని తేల్చారు. హత్య అన్నాక హంతకుడు ఉండాలి. కాగితం ప్రకారం మొకుబె బారెడు పొద్దెక్కేదాకా బతికే ఉన్నాడు. ఆ తర్వాత కింగొ దెన్‌పచి వెంటే కోటకి వెళ్ళి, కొత్త వారసుడిగా పెద్దలందరికీ మొక్కుతూ చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడు. ముసలావిడ పక్క మీద నుంచి లేవలేని మనిషి. ఇక మిగిలింది ఒషిగె. ఆమెని తీసుకుపోయి, నేరం ఒప్పుకోమని ఒళ్ళో బండలు పెట్టారు.

దెన్‌పచి తాళ్ళు అమ్మే ముసలాయన దగ్గరికి వెళ్ళాడు. "ఆ ఆకుపచ్చ తాడా దొరా? ఆ రోజు నేనింకా తలుపు చెక్కలు తియ్యకముందే వచ్చి నిలబడ్డాడు. పాతది తెగిందిట. నేను పేనిన తాడుతో ఎద్దుని కట్టేసినా తెగదు. చూపించవయ్యా అంటే పారేశానన్నాడు" అని ఆయన నొచ్చుకున్నాడు. అంటే తెల్లారకముందే పని అయిపోయింది. హంతకుడెవరో దెన్‌పచికి తెలిసింది. ఆ హంతకుణ్ణి కాపాడుతున్న సాక్షి ఎవరంటే, తను స్వయంగా రాసిచ్చిన కాగితం.

ఆ మధ్యాహ్నమే జైలుకి వెళ్ళాడు. ఒషిగె మోకాళ్ళు వాచి కాళ్ళు ముడవలేక గోడకి ఆనుకుని ఉంది. అతన్ని చూసి సర్దుకుని కూర్చోబోయింది. వద్దన్నాడు.

"ఆ వేళ మూలిగింది ఎవరమ్మా?"

"నేనేనండీ. పెద్దమ్మగారు చేతులు పట్టుకుని బతిమాలారు. నాది మగగొంతని వంటింట్లో అందరూ ఆటపట్టించేవాళ్ళులెండి. ఇన్నాళ్ళకి ఓ పనికొచ్చింది. మీరు కనిపెట్టేస్తారేమోనని వణికి చచ్చాను."

"రేపు న్యాయాధికారి ముందు ఈ మాటే చెప్పు."

"చెబితే ఇల్లు పోతుందండీ. పెద్దమ్మగారు ఈ చలిలో ఎక్కడికి పోతారు?"

కింగొ సంగతి దెన్‌పచి చెప్పాడు. కొడుకుని చంపినవాడి చేత్తోనే పెద్దమ్మగారు అన్నం తింటున్నారు కదా అని ఆమె ఏడ్చింది. తరవాత, పనిమనిషి మాట ఎవరు నమ్ముతారండీ అని అడిగింది.

"నేను అవునంటాను. నేను చూసింది కూడా చెబుతాను. నాది పూచీ."

అవునంటే, దొంగ కాగితం రాసినందుకు శిక్షగా అతను తన కడుపు తానే కోసుకుని చావాల్సిందే. ఆ సంగతి ఒషిగెకీ తెలుసు. అందుకే వాచిన కాళ్ళతోనే వంగి మొక్కింది. ఇంటికి వెళ్ళి దెన్‌పచి శుభ్రమైన బట్టలు తీసి పెట్టమన్నాడు. భార్య ఎందుకని అడగకుండా తీసి పెట్టింది. చాలా ఏళ్ళ తర్వాత తను మనిషిలా ఉన్నానని అతనికి అనిపించింది.

పొద్దున కచేరీ వసారాలో ఇసొనొ కాచుకుని ఉన్నాడు. ఎవరు చేరవేశారో గానీ అన్నీ విన్నాడు. కోప్పడలేదు, అదే వచ్చిన చిక్కు.

"నీ కడుపొక్కటే అయితే నేను అడ్డు రాను దెన్‌పచీ. ఈ ఒక్క కాగితం అబద్ధమని తేలితే మిగతా పదకొండూ తిరగదోడతారు. నా కూతురు సంగతి వదిలెయ్. కుబొటా వాళ్ళింట్లో నిన్నగాక మొన్న కవలలు పుట్టారు. సెనొఒ ముసలాయన గుడ్డివాడు. అందరూ కలిసి యాభైమంది పైనే. వాళ్ళని వీధిలోకి ఈడ్చేది ఎవరనుకున్నావు? మన కచేరీయే. అంటే నువ్వూ నేనూ. నువ్వు హాయిగా చచ్చిపోతావు కనక, నేను."

దెన్‌పచి వాళ్ళందరినీ ఎరుగును. ఆ యాభైమందీ ఎదురుపడితే ఆగి పలకరించేవాళ్ళే, ముల్లంగి ఊరగాయ పంపేవాళ్ళే.

సభలో ఒషిగె ఉన్నదున్నట్టు చెప్పింది. తడబడలేదు. తన మాట వెనక ఒక మనిషి మాట ఉందన్న ధైర్యం ఆమె గొంతులో వినిపించింది. న్యాయాధికారి దెన్‌పచి వైపు తిరిగాడు. మీరు విన్నది మొకుబె గొంతా, ఈమె గొంతా అని అడిగాడు.

దెన్‌పచి ఆమె వాచిన మోకాళ్ళు చూశాడు. పక్కన కూర్చున్న ఇసొనొ వైపు చూడలేదు. చూడకపోయినా ఆ యాభైమందీ కళ్ళ ముందు వరుసగా నిలబడ్డారు. నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. ఆ సంగతి అతను చచ్చేదాకా తనకి తానే చెప్పుకున్నాడు.

"మొకుబె గొంతే. నేను విన్నాను."

ఒషిగె తలెత్తి అతన్ని చూసింది. కోపం లేదు. ఏదో అర్థం చేసుకోబోయి, అర్థం కాక, పెద్దవాళ్ళకి తెలియదా అన్నట్టు తల దించుకుంది.

"దొరవారు విన్నామంటే విన్నట్టేనండి. నేనే పొరబడి ఉంటాను."

"మరి చంపింది ఎవరు?"

"ఇంట్లో ఉన్నది నేనే కదండీ. నేనే అయ్యుంటాను."

రాతగాడు "నేనే" అని రాసుకున్నాడు. "అయ్యుంటాను" రాయలేదు. పైకి చదివి వినిపించి, ఒషిగె బొటనవేలికి సిరా పూసి కాగితం మీద అద్దించారు. ఎవరికైనా చెప్పుకునేది ఉందా అని పద్ధతి ప్రకారం న్యాయాధికారి అడిగాడు. అడిగి, ఆ సిరా ఆరేదాకా ఆగాడు. ఆ చలికి సిరా చాలాసేపటిదాకా ఆరలేదు.