బాయి కాడి తాడు

ఇయ్యాల సాయంత్రం మా మామను బండి మీద ఎక్కించుకొని చివ్వెంల దిక్కు తాళ్లల్లకు కల్లుకు పోయిన. గాలికి మట్టలు గలగలమంటుంటే కింద కూసున్నోళ్ల మాటలు గూడ మెత్తగయినయి. మా మామవి తప్ప. ఏ తాటిచెట్టు కల్లో ఒక్క గుటకల చెప్తనని ఆయన గొప్ప.

కల్లు గీసే గౌడన్న లొట్టి వంచి తాటాకుల పోసిండు. నేను బండి నడపాలె, నాకు ఉడకేసిన గుడాలే. మామ కండ్లు మూసుకొని తాగిండు.

"గిది బాయి కాడి తాడుదే!"

"ఆ తాడు పోయిన వానకాలమే పిడుగు పడి కూలింది గదనే" అన్నడు గౌడన్న.

అందరం నవ్వినం. మామ మొఖం చిన్నబోయింది. గౌడన్న మల్ల పోసుకుంట, "నీ తప్పేం లేదులే. నేను గూడ దినాం పొద్దుగాల చెట్టెక్కే మోకు భుజానేసుకొని ముందుగాల ఆడికే పోత. పోయినంక యాదికొస్తది" అన్నడు.

ఇగ ఎవ్వరం నవ్వలే.

తిరిగొస్తుంటే సూర్యాపేటల, ఎప్పుడో ఎత్తేసిన మిర్చిబండి జాగల నా బండి దానంతటదే ఆగింది. ఎనుక కూసున్న మామ దిగి నిలబడ్డడు.

మీ బండి ఏ లేని కొట్టు ముంగట ఆగుతదో జర చెప్పుర్రి.