మూడు వాట్ల వెలుగులో మేనమామ చీర

కరెంటు బిల్లు తగ్గించబోయి అక్క కూతురి నిశ్చితార్థానికి ఎసరు పెట్టినవాడు మా ఊరు గుడియాత్తం మొత్తంలో నేనొక్కడినే. నవ్వుతారని తెలిసే చెబుతున్నాను, మొహమాటపడకండి.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పటికి నేను మగ్గం మీద లుంగీలు నేసేవాణ్ణి, తెలివి మాత్రం ఇంజనీరుదనుకునేవాణ్ణి. ఆ వేసవి బిల్లు చూసి ఇంటిని దిద్దడానికి నడుం కట్టాను. ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం జరిపాను. టీవీని రిమోటుతో కాదు, స్విచ్చు దగ్గరే ఆర్పాలని చాటింపు వేశాను. ఇవి మంచి పనులే, ఇప్పటికీ చేస్తున్నాం. అక్కడితో ఆగి ఉంటే మీకు చెప్పడానికేమీ ఉండేది కాదు.

వేలూరులో తోపుడుబండి మీద మూడు వాట్ల పసుపు ఎల్‌ఈడీ బల్బులు చవగ్గా కనిపించాయి. డజను తెచ్చి మగ్గం గదితో సహా అంతటా బిగించాను. ఫ్యాను అక్కర్లేకుండా గది చల్లబడాలని కిటికీకి తడి గోనెసంచి కట్టాను. గది నిజంగానే చల్లబడింది. వెలుతురు కూడా చల్లబడింది.

"చెయ్యి గూడా కనబళ్ళేదు. ఆ గోనెసంచి తియ్యి," అంది నా భార్య నిర్మల.

"తీస్తే ఎండొస్తాది. ఎండొస్తే ఫ్యాను. ఫ్యానేస్తే బిల్లు."

"కండెలకు నూలు చుట్టేది నేను గదయ్యా. రంగు తెలియాల గదా."

"రంగు నూలుకుంటాది, బల్బుకు కాదు," అన్నాను. ఆ మాటకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అప్పుడు మగ్గం మీద ఉన్నది లుంగీ కాదు. పరదరామిలో ఉండే మా సరోజక్క కూతురు భార్గవికి నిశ్చితార్థం. మేనమామ నేసిన చీర కట్టి కూర్చోవడం మా ఇళ్ళలో మర్యాద. పిల్ల ముదురు నీలం అడిగింది. లుంగీలకని చుట్టిన నల్ల కండెలు కూడా నీలం కండెల బుట్టలోనే ఉన్నాయి.

"ఇది నీలమా, నలుపా?" అని అడిగాను.

"నీలం మాదిరి ఉండాది."

"మరి ఇది?"

"అదీ నీలం మాదిరే ఉండాది."

"నల్లవి యాడ పోయినాయి?"

"అడుగున ఉంటాయేమోలే," అంది నిర్మల.

చేతికందిన కండెను, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టి నేసేశాను. ఆ గదిలోనే మడతపెట్టి సంచిలో వేసి, నిశ్చితార్థం నాటి పొద్దున పరదరామి బస్సెక్కాను.

అక్క చీరను వాకిట్లో ఎండలో విప్పింది.

"ఒరే, ఈ నల్ల పట్టీలేందిరా?"

"నలుపు యాడక్కా? ముదురు నీలం."

లోపలికి తీసుకెళ్ళి చూశాను, నీలమే. బయటికి తెచ్చాను, నలుపు. మళ్ళీ లోపలికి వెళ్ళాను. నాలుగోసారికి ఏది లోపలో ఏది బయటో నాకే తెలియలేదు. చివరికి ఎండలో లెక్కపెడితే బెత్తెడేసి వెడల్పున ఏడు నల్ల పట్టీలు తేలాయి.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గంటలో మగపిల్లోడి వాళ్ళొస్తారు. శుభమా అని నలుపు కట్టించినామంటే సంబంధం నిలబడతాదా?"

"వేరే చీర కట్టించక్కా."

"మామ చీర లేకుండా కూర్చుంటే, మామకు ఇష్టం లేదంటారు."

నాకు నిజంగా సిగ్గేసింది, భయమేసింది. భార్గవి మాత్రం ఆ చీరే కట్టుకుని వచ్చింది.

మగపెళ్ళివారు వచ్చి కూర్చున్నాక పెళ్ళికొడుకు అవ్వ కళ్ళద్దాలు సర్దుకుని పిల్లను దగ్గరికి పిలిచింది. పట్టీలను ఒక్కొక్కటే తడిమింది. "ఈ నలుపేందమ్మా?"

అక్క నా వైపు చూసింది.

"దిష్టి తగలకుండా మా మామ నేసినాడవ్వా," అంది భార్గవి.

అవ్వ నా వైపు తిరిగింది. "బుగ్గ మీద ఒక చుక్క పెడితే చాలదా నాయనా? ఏడు పట్టీలకు తగిన దిష్టి యాడ చూసినావు?"

అవ్వ పిల్లను తేరిపార చూసి తలూపింది. "తగలతాదిలే, అంత చక్కగా ఉండాది. సరి, పెళ్ళికి మావోడికి గూడా ఇదే మాదిరి పంచె ఒకటి నెయ్యి. వాడూ తక్కువోడు కాదు."

కాబట్టి పొరపాటున నేసిన ఆ ఏడు పట్టీలనే తెల్ల పంచె మీద తెలిసీ నేసిన నేను, మగ్గం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: కరెంటు పొదుపు మానను గానీ, ఇకమీదట కూడా ప్రతి కండెనూ నిర్మల వీధిలో ఎండకు పట్టి చూశాకే నాడెలో పెడతాను. ఆమె నలుపంటే నలుపే, నా కళ్ళకు అది తెల్లగా కనబడినా సరే.